వైన్ పాఠంలో ఇప్పపువ్వుకు చోటేదీ?

తెలుగునాట ‘వైన్స్’ బోర్డు లేని ఊరు అరుదు. ఆ బోర్డు కింద నిలబడి వైన్ అడిగేవాడు అంతకంటే అరుదు. బ్రాందీ, విస్కీ, బీరు అమ్మే దుకాణానికి ద్రాక్షసారా పేరు స్థిరపడిపోయింది. అడిగేవాడికీ అభ్యంతరం లేదు, అమ్మేవాడికీ లేదు. ఇలాంటి చోట వైన్ గురించి పాఠాలు చెప్పడం ఒక వృత్తి అని, అందులోనే పాతికేళ్లు గడిపి పేరు తెచ్చుకున్నవాళ్లున్నారని చెబితే ముందు నవ్వే వస్తుంది. తాగడానికి కూడా చదువు కావాలా?

కావాలనే ప్రపంచం అనుకుంటోంది. లండన్‌లో 1969లో మొదలైన వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ కోర్సులు ఇవాళ మన మహానగరాల్లో కూడా దొరుకుతున్నాయి. అంతకంటే పై మెట్టు ‘మాస్టర్ ఆఫ్ వైన్’. 1953లో తొలిసారి పరీక్ష పెట్టారు. ఇన్నేళ్లలో ప్రపంచం మొత్తమ్మీద ఆ పట్టా దక్కినవాళ్లు కొన్ని వందల మందే. మన దేశం నుంచి మొదటి పేరు సోనాల్ హాలండ్‌ది. కార్పొరేట్ ఉద్యోగం వదిలి వైన్ చదువులోకి వచ్చిన ఆమె, ఐటీసీ హోటళ్లలో వైన్ విభాగం బాధ్యతలు చూశారు, ముంబయిలో సొంత అకాడమీ నడిపారు, 2016లో మాస్టర్ ఆఫ్ వైన్ అయ్యారు. సిద్ధాంతం మీద రాత పరీక్షలు, ఒక పరిశోధన వ్యాసం, వాటికి తోడు పేరు చూపించకుండా ముందుపెట్టే 36 గ్లాసులు. ఏ దేశంలో, ఏ ద్రాక్షతో, ఏ పద్ధతిలో తయారైందో, నాణ్యత ఏపాటిదో రుచిని బట్టి, వాసనను బట్టి రాయాలి. సివిల్స్ రాసినవాళ్లకు కూడా చెమటలు పట్టించే పరీక్ష ఇది.

ఈ చదువులో తాగడం నిజానికి చాలా చిన్న భాగం. రుచి చూసి ఉమ్మేయడం తొలి పాఠాల్లో ఒకటి. రంగు చూడు, వాసన పట్టు, నాలుక మీద తిప్పు, ఆ తర్వాత తీర్పు చెప్పు. ఈ సీసా ఏ నేలది, ఆ ఏడాది వాన ఎలా పడింది, ఎంత చల్లగా ఇవ్వాలి, ఏ వంటకంతో సరిపోతుంది, ఎవరికి ఇక చాలని మర్యాదగా చెప్పాలి? స్టార్ హోటల్లో ఈ పని చేసే ఉద్యోగిని సొమెలియే అంటారు. వడ్డించే పనిని చాకిరీ స్థాయి నుంచి విద్య స్థాయికి తీసుకెళ్లింది ఇలాంటి చదువే. ‘హోటల్లో సర్వరు’ అనగానే పెళ్లి సంబంధం వెనక్కిపోయే సమాజంలో ఇది తక్కువ విషయం కాదు.

హైదరాబాద్ విద్యానగర్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల చదివే విద్యార్థికి వైన్ పాఠ్యాంశం. ఫ్రాన్స్‌లో బోర్డో ఎక్కడుందో, బర్గండీ ఎక్కడుందో, ఇటలీలో ఏ ప్రాంతానికి ఏ ద్రాక్ష ప్రసిద్ధో చదవాలి. తప్పేమీ లేదు. అతను రేపు దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉద్యోగం చేయాలి. కానీ అదే హైదరాబాద్ నుంచి బయల్దేరి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి చివర ఒక ఊరుంది. ఆ దారిలో దొరికే పానీయాలకు ఆ పాఠాల్లో అలాంటి అధ్యాయం దక్కలేదు.

ఆ ఊరు భోపాల్‌పట్నం. ఒకప్పుడు బస్తర్ సంస్థానంలో జమీందారీ. 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాలో ఇప్పుడు తహసీల్ కేంద్రం. ఇంద్రావతి నది గోదావరిలో కలిసేది ఈ చుట్టుపక్కలే. ఒక పక్క తెలంగాణ, మరో పక్క మహారాష్ట్ర. సంతలో తెలుగు, గోండీ, దోర్లీ, హల్బీ కలిసి వినిపిస్తాయి. ప్రభుత్వ భాష హిందీ అయినా బేరం తెలుగులోనే తెగిపోయే ఊళ్లు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఇక్కడి అడవికి తనదైన పానీయాల పట్టిక ఉంది. తాటి కల్లు, జీలుగు కల్లు, బియ్యంతో పులియబెట్టే లాందా, అన్నిటికంటే పైన ఇప్ప సారా.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఆడవాళ్లు, పిల్లలు ఎండ ముదరకముందే బుట్టలతో చెట్టు కిందికి చేరతారు. ఎండిన పువ్వు బరువులో సగం దాకా చక్కెరే. అందుకే అది ఒకప్పుడు కరువులో అన్నం, మామూలు రోజుల్లో తీపి, పండగనాడు సారా. పువ్వును నానబెట్టి, కొన్ని రోజులు పులియనిచ్చి, కుండల మీద కుండలు పెట్టి కాస్తారు. కింద పులిసిన పువ్వు, నడుమ ఆవిరిని పట్టే కుండ, పైన చల్లటి నీళ్లు. పై నీళ్లు వేడెక్కినప్పుడల్లా మార్చాలి. ఎన్ని నీళ్లు మార్చారన్న లెక్కే సారా ఘాటుకు కొలత. తొలి నీళ్లకు దిగింది గాఢం, తర్వాతర్వాత పలచన. నాలుగు చుక్కలు నిప్పు మీద చల్లి, మంట లేచిన తీరును బట్టి సరుకు ఎలాంటిదో చెబుతారు. ప్రయోగశాల లేదు గానీ పరీక్ష ఉంది.

జీలుగుది మరో శాస్త్రం. బస్తర్‌లో సల్ఫీ అని పిలిచే ఈ చెట్టు కల్లు ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది. అందుకే చెట్టు ఇంటి ఆస్తి. ఎవరి చెట్టు ఏదో ఊరందరికీ తెలుసు. గెలను ఎక్కడ కోయాలి, ఎంత పలచగా చెక్కాలి, కుండ ఎప్పుడు మార్చాలి అన్నది గీసేవాడి చేతిలో ఉంటుంది. తెల్లవారుతూనే దించింది తీయగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. వైన్‌కు ఏడాదిని బట్టి విలువ మారినట్టు జీలుగు కల్లుకు గంటను బట్టి మారుతుంది.

వడ్డనకూ పద్ధతి ఉంది. సొరకాయ బుర్రలో తెచ్చి, ఆకు దొప్పలో పోస్తారు. తాగేముందు నాలుగు చుక్కలు నేల మీద వదిలి పెద్దలను తలుచుకుంటారు. పుట్టుకకు, పెళ్లికి, చావుకు, కొత్త పంటకు, రాజీ కుదిరిన తగవుకు ఇది సాక్షి. అతిథి మర్యాద అంటే ఏమిటో హోటల్ మేనేజ్‌మెంట్ పుస్తకం ఒక అధ్యాయంలో చెప్పేది ఇక్కడ ఆకు దొప్పలో ఉంటుంది. ముప్ఫై నలభై ఏళ్లుగా పువ్వును వాసనతో ఎంచుతున్న ఆడమనిషిది, అన్నేళ్లుగా జీలుగు ఎక్కుతున్న మగమనిషిది సుదీర్ఘమైన వృత్తి జీవితం కాదా? అయితే అతనికి ఉద్యోగం పేరు లేదు, ఆమెకు సర్టిఫికెట్ లేదు. సారా కుండతో దొరికితే మాత్రం నేరానికి సెక్షన్ ఉంది.

ఈ తేడా ఊరికే రాలేదు. పానీయంలో ప్రభుత్వాలు మొదట చూసింది ఆదాయాన్నే. రంపలో 1879 నాటి ఫితూరీకి ప్రధాన కారణాల్లో ఒకటి కల్లు మీద వేసిన పన్ను. సొంత చెట్టు కల్లు సొంతంగా తాగడానికి కాంట్రాక్టర్‌కు కట్టాల్సి రావడంతో మన్యం భగ్గుమంది. బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లో ఇప్పపువ్వు మీదే ప్రత్యేక చట్టం వచ్చింది. సారా కాయడమే కాదు, పువ్వు సేకరించి దాచుకోవడం మీదే ఆంక్ష. బస్తర్‌లో 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు అడవిని రిజర్వు చేయడం, వెట్టి ప్రధాన కారణాలైతే, సారా కాంట్రాక్టర్ల కోసం ఇంటి సారాను అడ్డుకోవడం కూడా ఆ ఫిర్యాదుల చిట్టాలో ఉంది. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసులు సొంత వాడకానికి పరిమితంగా సారా కాచుకోవచ్చు. అమ్మితే నేరం. మరోపక్క 2017 నుంచి ఆ రాష్ట్రంలో మద్యం దుకాణాలను ప్రభుత్వ కార్పొరేషనే నడుపుతోంది. పరాయి సరుకు అమ్మడం పరిపాలన, సొంత సరుకు అమ్మడం నేరం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రావాలి కూడా. సారాను ఇలా నెత్తిన పెట్టుకోవడం ఏమిటి? తాగుడు వల్ల చితికిన ఇళ్ల మాటేమిటి? ఈ ప్రశ్న అడిగే హక్కు తెలుగు ఆడవాళ్లకు ఉన్నంతగా మరెవరికీ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి మహిళలు సారా అంగడి మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. మన్యం చరిత్ర కూడా ఒకే మాట చెప్పదు. కల్లు మీద హక్కు కోసం 1879లో తిరగబడిన రంప ప్రాంతంలోనే, 1920ల్లో అల్లూరి సీతారామరాజు కల్లు మానమని గిరిజనులకు చెప్పాడు.

అయితే దూబగుంట మహిళలు పోరాడింది దేని మీద? 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వ ఏర్పాటులో ఊరూరా పారిన ప్యాకెట్ సారా మీద. దానికి ఊరు లేదు, చెట్టు లేదు, కాలం లేదు, సందర్భం లేదు. కూలి డబ్బు చేతికి అందే వేళకు ప్యాకెట్ సిద్ధంగా ఉండేది, అంతే. మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఉద్యమం రాజుకున్నది అక్షరాస్యత తరగతుల్లో. రాత్రి బడి వాచకంలోని పాఠం చదివి ఆడవాళ్లు ప్రశ్నించడం మొదలుపెట్టారు. అంటే తాగుడు గురించి తెలుగునాట జరిగిన అతిపెద్ద ఆలోచన కూడా చదువు నుంచే పుట్టింది. వైన్ బడి నేర్పేదీ, రాత్రి బడి నేర్పిందీ ఒక చోట కలుస్తాయి. ఏం తాగుతున్నావో, ఎంత తాగుతున్నావో, ఎవరికి లాభమో తెలుసుకో అన్నదే ఆ చోటు.

అడవి పల్లెల్లో తాగుడు సమస్య లేదనడం అబద్ధం. పండగ పానీయం రోజువారీ అలవాటైన ఇళ్లున్నాయి. సంతలో దొరికే సారాలో కల్తీ భయమూ ఉంది. సంప్రదాయం అన్న మాట కాలేయాన్ని కాపాడదు. కానీ రహస్యంగా కాచే చోట శుభ్రతను ఎవరు పరీక్షిస్తారు? నేరమైన పనికి ప్రమాణాలుండవు. చదువు చేరాల్సిన చోటు అదే.

ఊరి సారా బడికెక్కడం కొత్తేమీ కాదు. జపాన్ బియ్యపు పానీయం సాకేకు ఆ లండన్ సంస్థ 2014లో ప్రత్యేక కోర్సు పెట్టింది. ఒకప్పుడు రైతుల మొరటు సారాగా చూసిన మెస్కాల్‌కు మెక్సికో 1994లో ప్రాంతపు గుర్తింపు ఇచ్చింది. గోవా జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ రాష్ట్రం దాన్ని 2016లో వారసత్వ పానీయంగా ప్రకటించింది. గోవా వచ్చిన విదేశీయుడికి ఫెనీ గురించి చెప్పగలిగిన కుర్రాడికి ఇవాళ హోటల్లో విలువ ఉంది.

ఇప్పపువ్వు వంతు కూడా వచ్చింది. చిత్తూరు జిల్లాలో సొంత డిస్టిలరీ పెట్టి దక్కన్ కిత్తనారతో మద్యం తీసిన డెస్మండ్ నజరెత్, 2018లో ఇప్పతో తయారైన సీసాను గోవా మార్కెట్‌లోకి తెచ్చారు. ఆంధ్రలో తయారైన ఇప్ప మద్యం మొదట గోవా బార్లలో అమ్ముడుపోవడం మన విధానాల మీద మంచి వ్యాఖ్య. మహారాష్ట్ర 2021లో పువ్వు సేకరణ, రవాణా మీద ఆంక్షలు తీసేసింది. మధ్యప్రదేశ్ 2022లో వారసత్వ మద్యం విధానం తెచ్చి, ఆదివాసీ స్వయం సహాయక బృందాలకే తయారీ అప్పగించింది. అలీరాజ్‌పూర్ నుంచి ‘మోండ్’, డిండోరీ నుంచి ‘మోహులో’ పేర్లతో సీసాలు వచ్చాయి. మనవైపు తెలంగాణ ప్రభుత్వం 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రం తాటి నీరాతో పాటు జీలుగు నీరా మీద కూడా పని చేసింది. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఇప్పపువ్వును మత్తు లేని లడ్డూగా మార్చింది.

వీటన్నిటినీ చూసి సంతోషించవచ్చు. కాస్త భయపడాలి కూడా. మెస్కాల్ ప్రపంచానికి తెలిశాక, గుర్తింపు ఖర్చు భరించలేని చిన్న తయారీదారులు చాలామంది తమ సారాను ఆ పేరుతో అమ్ముకోలేకపోయారు. పేరు ఊరిది, లాభం కంపెనీది. ఇప్ప విషయంలోనూ ఆ ప్రమాదం ఉంది. ఛత్తీస్‌గఢ్ 2020లో ఎండు ఇప్పపువ్వు సేకరణ ధరను కిలోకు 30 రూపాయలకు పెంచింది. సీసా ధర వేలల్లోకి వెళ్లేసరికి పువ్వు ఏరిన చేతికి దక్కేది ఆ 30 రూపాయల స్థాయి దగ్గరే ఆగిపోతే, అది వారసత్వం కాదు, ముడిసరుకు వ్యాపారం. పాత కాంట్రాక్టర్ పోయి కొత్త కాంట్రాక్టర్ వచ్చినట్టే.

ఈ చేతుల్ని ముడిసరుకు దగ్గర ఆగిపోకుండా పైమెట్టు ఎక్కించగలిగేది చదువు ఒక్కటే. భోపాల్‌పట్నం వైపు నుంచి ఏటా ఎందరో ఆదివాసీ యువకులు, యువతులు గోదావరి దాటి వస్తారు. ఎక్కువమంది వచ్చేది తెలంగాణ మిర్చి తోటల్లో కోత కూలికి. 2005 తర్వాత సల్వాజుడుం కాలంలో ప్రాణభయంతో వచ్చిన కుటుంబాలు ఈ పక్కనే ఉండిపోయాయి. అదే రోడ్డు మీద వాళ్లు నైపుణ్యంతో రాలేరా? బస్తర్‌లో పర్యాటకం ఊపందుకుంటోంది. కాంగేర్ లోయలోని ధుడ్‌మరాస్ గ్రామాన్ని 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ తన గ్రామాభివృద్ధి కార్యక్రమానికి ఎంచుకుంది. హోమ్‌స్టేలు వస్తున్నాయి. వాటి వెనక హోటళ్లూ వస్తాయి. ఆ హోటళ్లలో బస్తర్ యువత గదులు తుడిచే పనికే పరిమితమవుతుందా, తమ అడవి రుచిని అతిథికి వివరించే స్థానంలో ఉంటుందా అన్నది ఇప్పుడే తేలాలి.

చేయాల్సినవి అసాధ్యమైనవి కావు. మొదటిది, రాయ్‌పూర్ అయినా హైదరాబాద్ అయినా హోటల్ మేనేజ్‌మెంట్ పాఠాల్లో దేశీ పానీయాలకు ఒక పూర్తి అధ్యాయం కావాలి. ఇప్ప, జీలుగు, తాటి, ఈత, లాందా ఎక్కడ పుడతాయి, ఎలా తయారవుతాయి, రుచి ఎలా చూడాలి, ఎక్కడ ఆపాలి అన్నది విద్యార్థికి తెలియాలి. రెండోది, ఆ పాఠం చెప్పడానికి ఆ పని తెలిసినవాళ్లనే పిలవాలి. కుండ కాచే మహిళ, గీత పని తెలిసిన మనిషి అతిథి అధ్యాపకులుగా వచ్చి, గౌరవ వేతనం తీసుకుని వెళ్లాలి. మూడోది, కల్తీ లేదని తేల్చే పరీక్ష సదుపాయం తహసీల్ స్థాయికి రావాలి. భయపెట్టే ఎక్సైజ్ జీపు కంటే నమూనా పరీక్షించే బల్ల ప్రాణాలు ఎక్కువ కాపాడుతుంది.

నాలుగోదే అన్నిటికంటే ముఖ్యం. నిర్ణయం గ్రామసభది కావాలి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించడం, నియంత్రించడం గ్రామసభ, పంచాయతీల పరిధిలోకి తెచ్చింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కూ వాటికే ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్ దానికి నియమాలు రూపొందించింది 2022లో. ఒక ఊరి ఆడవాళ్లు కలిసి మాకు సారా వద్దంటే అక్కడ వద్దు. లడ్డూ చేసుకుంటామంటే లడ్డూ. పండగకే పరిమితం అంటే అంతే. మా పేరుతో సీసా అమ్ముకుంటాం, లాభంలో వాటా కావాలి అంటే దానికీ దారి ఉండాలి. ఆదివాసి ఏం తాగాలో రాయ్‌పూరో హైదరాబాదో చెప్పడం 1879 నుంచి చూస్తూనే ఉన్నాం. ఫలితమూ చూశాం.

వైన్ విద్యకు జీవితం ఇచ్చినవాళ్లు ప్రపంచానికి చెప్పిన మాట నిజానికి చిన్నది. ప్రతి సీసా వెనక ఒక నేల, ఒక వాతావరణం, ఒక మనిషి ఉన్నారు, వాళ్లను తెలుసుకోకుండా రుచి తెలియదు. ఈ మాటను బోర్డో ద్రాక్షతోట విషయంలో మనం వెంటనే ఒప్పుకుంటున్నాం, ఫీజు కట్టి మరీ నేర్చుకుంటున్నాం. ఏటూరునాగారం వంతెన దాటాక కూడా ఒప్పుకుంటామా అన్నదే ప్రశ్న. ఒప్పుకుంటే భోపాల్‌పట్నం అడవి అంచు ఊళ్లలో ప్రొఫెసర్లకు కొదవ లేదు. వాళ్లను కేసుల ఫైలు నుంచి తప్పించి హాజరు పట్టీలోకి తీసుకురావడమే మిగిలింది.